కాలిఫోర్నియాకు నేలదారి తెరిచిన దె ఆన్సా గురించి ఒక సందేహం

ప్రశ్న: విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ

అందరికీ నమస్కారం. ఇటీవల మూడు నెలలు కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చాను. వాళ్లుండే కుపర్టినోలో పెద్ద రోడ్డు పేరు దె ఆన్సా, కాలేజీ పేరు కూడా దె ఆన్సాయే. సాయంత్రం నడకకు వెళ్లే బాట పక్కన అదే పేరుతో చారిత్రక మార్గం అన్న బోర్డు కనిపించింది. మన పిల్లలు ఎందరో చదివే ఆ కాలేజీకి ఎవరి పేరు పెట్టారని అడిగితే, ఎవరో స్పెయిన్ సైనికుడని చెప్పి ఊరుకున్నారు.

ఇంటికి వచ్చాక చదివితే, ఆయన 1775లో 240 మందికి పైగా జనాన్ని, దాదాపు వెయ్యి పశువులను వెంటబెట్టుకొని ఎడారి దాటించాడనీ, దారిలో చనిపోయిన పెద్దవారు ఒక్కరేననీ తెలిసింది. చంటిపిల్లలను చంకన వేసుకొని మా ఊళ్ల నుంచీ తండాల నుంచీ వలస పోయే కుటుంబాలను ఉద్యోగం చేసినన్నాళ్లూ చూసినవాణ్ణి కాబట్టి, నాకు ఆ మాట అంత తేలికగా మింగుడు పడలేదు. ఆ ప్రయాణం ఎలా సాధ్యమైంది? అంత కష్టపడి తెరిచిన దారి ఆరేడేళ్లకే ఎందుకు మూసుకుపోయింది? వివరంగా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చరిత్ర పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

సార్, ముందు మనిషి గురించి రెండు మాటలు చెబుతాను. హువాన్ బౌతిస్తా దె ఆన్సా స్పెయిన్‌లో పుట్టలేదు. 1736లో, ఇప్పటి మెక్సికో ఉత్తర సరిహద్దున ఉన్న సొనోరాలో, సైనిక కుటుంబంలో పుట్టాడు. తండ్రిది కూడా అదే పేరు, అదే సరిహద్దు ఉద్యోగం. కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే ఆ తండ్రి అపాచీలనే స్థానిక తెగవారి చేతిలో చనిపోయాడు. కొడుకు కూడా సైన్యంలోనే చేరి, ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి తుబాక్ అనే చిన్న సైనిక ఠాణాకు కెప్టెన్ అయ్యాడు.

నేలదారి అవసరం ఎందుకు వచ్చిందంటే, 1769 నుంచి కాలిఫోర్నియా తీరంలో స్పెయిన్ వాళ్లు పెట్టుకున్న మిషన్లకూ (పాద్రీలు నడిపే మత కేంద్రాలకూ) ఠాణాలకూ తిండిగింజల నుంచి బట్టల వరకు చాలా సరుకు ఓడల్లోనే రావలసి వచ్చేది. ఎదురుగాలికి ఓడ ఆలస్యమైతే అక్కడివారు పస్తులుండవలసిందే. పైగా ఉత్తరం నుంచి రష్యన్లు దిగివస్తారేమోనన్న భయం ఒకటి ఉండేది. అందుకే మెక్సికోను ఏలే స్పెయిన్ రాజప్రతినిధి, వైస్రాయ్ బుకరెలీ అనుమతితో ఆన్సా 1774 జనవరిలో ఇరవై మంది సైనికులతో, ఫ్రాన్సిస్కో గార్సెస్ అనే పాద్రీతో బయలుదేరాడు. కొలరాడో నది దాటాక ఇసుక దిబ్బల్లో దారి తప్పి, పశువులు కూలిపోతుంటే వెనక్కి వచ్చి, సగం సామాను నది ఒడ్డున ఉండే యూమా అనే స్థానిక తెగ నాయకుడు పాల్మా దగ్గర వదిలి, దిబ్బలను చుట్టుకొని మళ్లీ బయలుదేరాడు. మార్చి 22న కాలిఫోర్నియాలోని శాన్ గాబ్రియెల్ మిషన్ చేరాడు.

మీరు అడిగిన పెద్ద ప్రయాణం దాని మరుసటి ఏడాదిది. వలసకు మనుషులను ఎక్కడ చేర్చుకున్నారో చూస్తే మన పాలమూరు గుర్తుకు రాక మానదు. మెక్సికోలోని సినలోవా, కులియకాన్ ప్రాంతాల్లో పూట గడవని కుటుంబాలను ఎంచి, జీతం ముందుగానే ముట్టజెప్పి, ఒంటిమీది బట్టల నుంచి పిల్లల తిండి దాకా సర్కారు ఖర్చుతో సమకూర్చి తీసుకుపోయారు. మన గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుకూ దీనికీ పోలిక కొంతవరకే. వీళ్లు తిరిగి రావడానికి పోలేదు. వారిలో యూరప్ మూలాలవారి కంటే అమెరికా ఆదివాసుల, ఆఫ్రికన్ల రక్తం కలిసినవారే ఎక్కువ.

1775 అక్టోబరు 23న తుబాక్ నుంచి కదిలారు. మొదటి రాత్రే ఒక తల్లి బిడ్డను కని చనిపోయింది. మీరు చదివిన ఆ ఒక్కరు ఆమెయే. బిడ్డ బతికింది. దారిలో మరికొన్ని కాన్పులు అయ్యాయి. వాటిలో ఒకటి క్రిస్మస్ ముందు రాత్రి, కొండల నడుమ చలిలో. మర్నాడు ప్రయాణం ఆపి బాలింతకు విశ్రాంతి ఇచ్చారు.

జవాబు: నీటిపారుదల ఇంజినీరు, నల్లగొండ

పై జవాబులో రాని సంగతి ఒకటి ఉంది. నా దృష్టిలో అసలు కీలకం అదే. కొలరాడో దాటాక కొన్ని రోజుల పాటు పారే నీళ్లు లేవు. ఉన్నవి తవ్వుకుంటే ఊరే గుంటలు మాత్రమే. ఎండాకాలంలో మన వాగుల ఇసుకలో చెలిమ తోడినవారికి దాని లెక్క తెలుసు: ఊట తన వేగంతోనే ఊరుతుంది, మనం తొందరపడితే బురద వస్తుంది. పది బిందెలు నిండే చెలిమ దగ్గరికి వంద బిందెలు ఒకేసారి వస్తే అందరికీ కొట్లాటే మిగులుతుంది.

ఆన్సా ఈ లెక్క ముందే వేసుకున్నాడు. మొదటి ప్రయాణంలో ఆ గుంటలను కళ్లారా చూశాడు కాబట్టి, 1775 డిసెంబరులో జనాన్ని మూడు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో రోజు ఎడంతో పంపాడు. పశువులను వేరుగా తోలించాడు. ముందు జట్టు వాడుకున్న గుంట వెనక జట్టు వచ్చేలోగా మళ్లీ ఊరాలన్నది ఏర్పాటు. తానే మొదటి జట్టుతో ముందు వెళ్లి బావులు తవ్వించాడు. ఆ ఎడారిలో ఆ ఏడు మంచు కురిసి చాలా పశువులు చలికి చచ్చాయి గానీ, దాహంతో మనిషి చనిపోలేదు. మూడు జట్లూ కలుసుకున్న రాత్రి జనం సంతోషం పట్టలేక ఆటపాటలు పెట్టుకుంటే, వెంట ఉన్న పెడ్రో ఫోంట్ అనే పాద్రీ మర్నాడు ప్రార్థనలో వాళ్లకు చీవాట్లు పెట్టాడు. ఆ మనిషి డైరీ అంతా ఇలాంటి చిరాకులతో నిండి ఉంటుంది. మనకు ఇన్ని వివరాలు దక్కింది కూడా దానివల్లనే.

జవాబు: అచ్చంపేట నుంచి ఒక పాఠకుడు

పెద్దలు క్షమించాలి, 'దారి తెరిచాడు' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. 1774లో దారి చూపించిన సెబాస్తియన్ తరబాల్ బాజా కాలిఫోర్నియాకు (ఇప్పటి మెక్సికోలోని ద్వీపకల్పానికి) చెందిన ఆదివాసి. శాన్ గాబ్రియెల్ మిషన్ నుంచి పారిపోయి, అదే ఎడారిని ఎదురుదిశలో దాటి వచ్చినవాడు. ఆ దాటడంలో అతని భార్య చనిపోయింది. నది దాటించింది యూమాలు, అంటే తమను తాము క్వెచాన్ అని పిలుచుకునేవారు. గార్సెస్ పాద్రీని ముగ్గురు యూమాలు శవాన్ని మోసినట్టు వెల్లకిలా పడుకోబెట్టి భుజాల మీద అవతలి ఒడ్డుకు చేర్చారని ఆ ఫోంటే రాశాడు. కృష్ణా నదిలో పుట్టిని నడిపేవాడు లేకుండా ఏ దొర ఒడ్డు చేరాడు?

దారి మూసుకుపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. పాల్మా ఆన్సా వెంట మెక్సికో నగరానికి వెళ్లి, 1777లో బాప్తిస్మం తీసుకొని, తన వాళ్లకు కానుకలు, సాయం అందుతాయని నమ్మి వచ్చాడు. 1780లో స్పెయిన్ వాళ్లు వచ్చి అక్కడ రెండు ఊళ్లు కట్టారు. కానుకలు అరకొరగా వచ్చాయి. పశువులు మాత్రం పంటల మీద, యూమాలు కాయలు ఏరుకు తినే మెస్కీట్ చెట్ల మీద పడ్డాయి. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి జాతి. 1781 జూలైలో యూమాలు తిరగబడ్డారు. గార్సెస్‌తో సహా నలుగురు పాద్రీలు, కాలిఫోర్నియాకు కొత్త వలసదారులను తరలిస్తున్న కెప్టెన్ రివేరా, ఎందరో సైనికులు చనిపోయారు. ఆ దారి దశాబ్దాల పాటు పనికిరాకుండా పోయింది.

జవాబు: చరిత్ర పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

అన్నా, మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ ఊళ్లు కట్టించింది ఆన్సా కాదు. అప్పటికి ఆయన న్యూ మెక్సికో గవర్నరు. అయినా యూమాలను ఎక్కువగా నమ్మించాడని పైఅధికారులు కొంత నింద ఆయన మీదనే వేశారు.

ఆయన గవర్నరుగా చేసిన పని నాకు ఎడారి ప్రయాణం కంటే చిక్కైనదిగా కనిపిస్తుంది. 1779లో కొమాంచీలనే స్థానిక తెగ మీదికి అందరూ వెళ్లే తూర్పు దారి వదిలి, కొండలకు పడమటి వైపు నుంచి, దుమ్ము కనపడకుండా రాత్రిళ్లు సేన నడిపి, సెప్టెంబరు 3న వారి నాయకుడు కుయెర్నో వెర్దేను చంపాడు. అదే మనిషి 1786లో ఎకువెరకాపా అనే మరో కొమాంచీ నాయకుడితో సంధి చేసుకున్నాడు. ఆ సంధి న్యూ మెక్సికోలో తరాలపాటు నిలిచింది. అందుకని నేనైతే అన్వేషకుడనే మాట పక్కనపెట్టి సరిహద్దు సైన్యాధికారి అనే రాస్తాను.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. తరబాల్ పేరు నేను చదివిన చోట ఎక్కడా లేదు. చివరగా ఒక చిన్న సందేహం: శాన్ ఫ్రాన్సిస్కో నగరాన్ని స్థాపించింది ఆయనేనా? పేరు 'ఆంజా' అని రాయాలా, 'ఆన్సా' అనా?

జవాబు: చరిత్ర పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

సార్, 1776 మార్చి చివర ఠాణాకూ మిషన్‌కూ స్థలాలు ఎంచింది ఆన్సాయే. అయితే జనాన్ని కాలిఫోర్నియా తీరంలోని మోంటెరే ఠాణాలో వదిలి ఆయన వెనుదిరిగాడు. వారిని అక్కడికి చేర్చి ఆ సెప్టెంబరులో ఠాణా స్థాపించింది ఆయన కింది అధికారి మొరాగా. ఆన్సా 1788 డిసెంబరు 19న సొనోరాలోని అరిస్పేలో చనిపోయాడు, సమాధి అక్కడి చర్చిలోనే ఉంది. పేరు మెక్సికో ఉచ్చారణలో 'ఆన్సా'. మీ అబ్బాయి ఊళ్లో మాత్రం 'డీ ఆంజా' అంటేనే బస్సు డ్రైవరుకు అర్థమవుతుంది.