బెంగళూరులో ఈవీ కారు కొనేవాళ్లను ఆపుతున్నది పన్నులా, పార్కింగా?

సర్జాపూర్‌రోడ్: నన్నడిగితే పన్నులే. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు పోయి 18 శాతమే మిగిలింది. పన్నుకు ముందు ధర 7 లక్షలైతే 9.03 లక్షల బండి 8.26కి దిగింది. ఈవీకి మాత్రం 2019 ఆగస్టు నుంచీ అదే 5 శాతం. ధర పైసా పెరక్కుండానే ఈవీ పోటీలో 77 వేలు వెనకబడింది. జర్మనీలో 2023 డిసెంబరులో ఈవీ సబ్సిడీ ఉన్నట్టుండి ఆపేస్తే, 2024లో ఈవీ అమ్మకాలు పావు వంతుకు పైగా పడిపోయాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

హొరమావు_లెక్కలు: ఆ 77 వేలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయో కూడా చూడండి. పెట్రోలు లీటరు 103, మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకు 6.87. ఈవీకి చార్జింగ్ నష్టంతో కలిపి 100 కి.మీ.కి 17 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 1.36. నెలకు 1,000 కి.మీ. తిరిగితే 14 నెలల్లో లెక్క సరి. ఇంట్లో ప్లగ్ లేకపోతే? ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 23.60, కిలోమీటరుకు 4 రూపాయలు. అప్పుడు 27 నెలలు పడుతుంది. బండికి 5 శాతం వేసి దాని చార్జింగ్‌కు 18 వేయడం ఏం న్యాయం? ముందు సరిచేయాల్సింది అదే.

సెల్లార్_వైరింగ్: ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. అపార్ట్‌మెంట్‌లో కరెంటు మీటర్ల గది నుంచి మీ పార్కింగ్ స్లాటుకు 80 మీటర్లుంటే, 7.2 కిలోవాట్ల చార్జరుకు 6 చదరపు మి.మీ. రాగి కేబుల్ చాలదు. 32 ఆంపియర్ల దగ్గర దాదాపు 18 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం సప్లయ్ డల్ అయితే చార్జర్ ఆగిపోతుంది. 16 చ.మి.మీ. వేస్తే నష్టం 7 వోల్టులే, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. రోజువారీ తిరుగుడుకైతే అంత అక్కర్లేదు: 16 ఆంపియర్ల సాకెట్, 3.3 కిలోవాట్లు, రాత్రి 8 గంటలు పెడితే 150 కి.మీ.కి సరిపడా ఎక్కుతుంది. దీనికి 6 చ.మి.మీ. చాలు.

చార్జర్‌లో 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీ రక్షణ లేకపోతే టైప్-బి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయ్ కట్ చేసే బ్రేకర్) పెట్టండి. మామూలు టైప్-ఏసీ పెడితే డీసీ లీకేజీకి దాని లోపలి అయస్కాంత కోర్ సాచురేట్ అయ్యి, లీకేజీని పసిగట్టలేక, షాక్ కొట్టినా ట్రిప్ కాకపోవచ్చు. ఇందులో రాజీ పడొద్దు.

ఇంకోటి, గృహజ్యోతి, అంటే ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటిచ్చే కర్ణాటక పథకం. కారును ఇంటి మీటరుకే తగిలిస్తే 1,000 కి.మీ.కి 170 యూనిట్లు. ఇంటి వాడకంతో కలిపి 200 దాటితే మొత్తం బిల్లు మీరే కట్టాలి. ఈవీ టారిఫ్ కింద బెస్కామ్‌లో (బెంగళూరు కరెంటు సంస్థ) వేరే మీటరు తీసుకోండి.

సర్జాపూర్‌రోడ్: వైరింగ్ అన్నా, ఒప్పుకుంటా. కానీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వనంటే ఆ కేబుల్ ఎక్కడ వేస్తాం? దాన్ని చట్టంతో సరిచేయాల్సింది సర్కారే. సర్కారు మాట మీద నమ్మకమూ కావాలి: 2024లో కర్ణాటక 25 లక్షలు దాటిన ఈవీలకు 10 శాతం జీవితకాల పన్ను వేసింది. తెలంగాణలో ఈవీలకిచ్చిన రోడ్డు పన్ను మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31. అక్కడి నంబరుతో ఇక్కడ తిప్పుదామంటే 12 నెలలు దాటాక రీరిజిస్ట్రేషన్ తప్పదు.

సెల్లార్_వైరింగ్: ఎన్‌ఓసీ లెటర్‌లో ఊరికే "చార్జర్ కావాలి" అని రాస్తే ఆపేస్తారు తమ్ముడూ. లోడు 3.3 కిలోవాట్లని, కేబుల్ ట్రే ఏ దారిన వెళ్తుందో, ఖర్చు మీరే పెట్టుకుంటారని, ఐసొలేటర్ (సప్లయ్ పూర్తిగా తెంపే స్విచ్) ఎక్కడ ఉంటుందో స్కెచ్‌తో సహా ఇవ్వండి. కమిటీ భయపడేది ట్రాన్స్‌ఫార్మర్ లోడు గురించే. రాత్రి 11 తర్వాతే చార్జింగ్ అని టైమర్ పెడతామని రాతపూర్వకంగా చెప్పండి.