క్రిటికల్ థియరీలో అధికారం గురించి ఎలా వివరించాలి? కాస్త సాయం చేయండి

హైదరాబాద్‌లో ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. వచ్చే వారం ఈ అంశం మీద సెమినార్ ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

1937లో జర్మన్ తత్వవేత్త హోర్క్‌హైమర్ సంప్రదాయ సిద్ధాంతానికీ క్రిటికల్ థియరీకీ తేడా చెబుతూ రాసిన వ్యాసం వరకు పర్వాలేదు. సంప్రదాయ సిద్ధాంతం సమాజాన్ని ఉన్నదున్నట్టు వర్ణిస్తుంది. క్రిటికల్ థియరీ మాత్రం అది ఎవరికి లాభమో అడుగుతుంది, మార్చాలని చూస్తుంది. చిక్కల్లా ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో దగ్గరే. అధికారం ఒకరి చేతిలో ఉండే వస్తువు కాదు, మనుషుల మధ్య సంబంధాల్లోనే పనిచేస్తుంది అంటాడు. మరి నిలదీయాల్సింది ఎవరిని?

నేను అనుకున్న ఉదాహరణ: కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో "పనివారు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను" అని బోర్డు ఉంది. అది పాడైన రోజు మా ఇంట్లో పనిచేసే అక్క ఆరో అంతస్తుకు మెట్లెక్కి వచ్చింది. ఇంకో లిఫ్ట్ ఎక్కొచ్చుగా అంటే, "మనకెందుకమ్మా, కెమెరా ఉంది" అంది. (ఆ కెమెరా పనిచేయదట, వాచ్‌మన్ చెప్పాడు.)

ఇది ఇటలీ మార్క్సిస్టు గ్రాంసీ చెప్పిన సమ్మతా (పైవాళ్ల పద్ధతే సహజమని కిందివాళ్లూ ఒప్పుకోవడం), ఫూకో చెప్పిన నిఘానా (ఎవరో చూస్తున్నారేమోనని మనల్ని మనమే అదుపులో పెట్టుకోవడం)? నాకైతే ముందు పని పోతుందన్న భయమే కనిపిస్తోంది. ఆ భయాన్ని వీళ్లలో ఎవరి మాటల్లో చెప్పడం సబబు? ఇద్దరినీ కలిపితే గైడ్ గారు ఒప్పుకుంటారా?