ఈ20 పెట్రోలుకు ఫ్లెక్స్ ఫ్యూయెల్ సెన్సర్ పెట్టిస్తే పొల్యూషన్ రూల్ తప్పినట్టేనా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం):
నాది 2018 మోడల్ బీఎస్4 (అప్పటి కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఈ10 (పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) వరకే అని రాసుంది. ఇప్పుడు మా ఊళ్లో ఏ బంకుకెళ్లినా మామూలు పెట్రోలంటే ఈ20నే, అంటే ఇరవై శాతం ఇథనాల్. మైలేజీ తగ్గింది. బెంగళూరులో ఒక ట్యూనర్ ఫ్యూయెల్ లైన్‌లో ఇథనాల్ శాతం కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయెల్ సెన్సర్ బిగించి, దానికి తగ్గట్టు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేసిస్తానంటున్నాడు, అంటే అందులోని సెట్టింగులు మారుస్తాడట. మా అన్నేమో ముట్టుకోవద్దు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు దొరికిపోతావు అంటాడు. ట్యూనర్ మాత్రం పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది కదా, ఇంకేం భయం అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, చేయించొచ్చా?

తుంగభద్ర_టర్బో (కర్నూలు):
చేయించు తమ్ముడూ. ట్యాంకులో ఇథనాల్ ఎంతుందో ఇంజిన్‌కు తెలియడంలో తప్పేముంది? ఆ సెన్సర్ లోపల పెట్రోలు పోతుంటే దాని విద్యుత్ గుణాన్ని కొలుస్తుంది. ఈ విషయంలో పెట్రోలుకూ ఇథనాల్‌కూ చాలా తేడా ఉంది కాబట్టి శాతం సులభంగా తెలిసిపోతుంది. ఇథనాల్ అసలు లేకపోతే 50 హెర్ట్జ్, మొత్తం ఇథనాలే అయితే 150 హెర్ట్జ్ సిగ్నల్ ఇస్తుంది. అంటే 70 వచ్చిందంటే 20 శాతం. గుడ్డిగా నడిపేదానికన్నా తెలిసి నడిపితే పొగ తగ్గుతుందే గానీ పెరగదు. పైగా ఇథనాల్ ఆక్టేన్ (ఇంజిన్ నాకింగ్‌ను తట్టుకునే గుణం) వంద పైనే, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కొంచెం ముందుకు జరిపితే పికప్ కూడా వస్తుంది.

కడప_షెడ్డు (కడప):
అన్నా, సెన్సర్ గురించి మీరు చెప్పింది నిజమే. గొడవ సెన్సర్‌తో కాదు, రీమ్యాప్‌తో. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే ఈ తమ్ముడు నష్టపోతాడు.

మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. కలిపి లెక్కేస్తే ఈ10కి దాదాపు 14.1, ఈ20కి 13.5. అంటే ఈ10 నుంచి ఈ20కి వచ్చినప్పుడు ఇంజెక్టర్ పోయాల్సింది 4 శాతం ఎక్కువ, అంతే. ఆ మాత్రం సర్దుబాటు బండిలో ఉన్న ఆక్సిజన్ సెన్సరే చేసుకుంటుంది. బ్రెజిల్‌లో 2003 నుంచి అమ్ముతున్న ఫ్లెక్స్ కార్లలో చాలావాటికి ఇథనాల్ సెన్సరే లేదు, సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ అంచనా కడుతుంది. ఈ85 (85 శాతం దాకా ఇథనాల్) పోసేవాళ్లకు ప్రత్యేక సెన్సర్ బాగా పనికొస్తుంది, కాదనను. కానీ ఈ85 మన జిల్లాల్లో ఏ బంకులో ఉంది? 2024 మార్చిలో ఇండియన్ ఆయిల్ ఈ100 (దాదాపు మొత్తం ఇథనాలే) మొదలుపెట్టిన రాష్ట్రాల్లో కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి, ఆంధ్ర లేదు.

మైలేజీ విషయానికొస్తే, లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా మూడో వంతు తక్కువ. లేని శక్తిని ఏ ట్యూనరూ తెచ్చిపెట్టలేడు.

ఇక టైమింగ్ ముందుకు జరిపితే సిలిండర్‌లో వేడి, ప్రెషర్ పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. పొల్యూషన్ సెంటర్‌లో పెట్రోలు బండికి ఆ గ్యాస్ కొలవనే కొలవరు. బండి నిలబెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. కాబట్టి సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన బండి బీఎస్4 లెక్కలోనే ఉందని అర్థం కాదు. నన్ను బాధపెట్టేది ఇదే. చాలామంది ఆ కాగితం చూపించి అంతా సవ్యంగా ఉందనుకుంటున్నారు, ఆ గాలి పీల్చేది మన పిల్లలే.

తుంగభద్ర_టర్బో (కర్నూలు):
సరే, టైమింగ్ ముట్టుకోకుండా చేయించుకోమను. చట్టం సంగతి కూడా చెప్పండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, సీసీ, ఫ్యూయెల్ రకం ఉంటాయి. సెన్సర్ ఎక్కడుంది? పెట్రోలు పెట్రోలుగానే ఉంది. ఈ10 బండి కొన్నవాళ్లను అడక్కుండానే ఈ20కి మార్చేశారు. ఇప్పుడు దానికి తగ్గట్టు సర్దుకునేవాడిని తప్పుబట్టడం న్యాయమా?

కడప_షెడ్డు (కడప):
న్యాయం కాదన్నా, ఆ మాటలో మీ పక్షమే నేను. కానీ 2019 సవరణలో వచ్చిన 182ఏ కూడా చదవండి. అనుమతి లేని విధంగా బండిని మారిస్తే, విడిభాగాలు అదనంగా బిగించినా సరే, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్‌కు ఒక దారి ఉంది: పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థ ఆమోదించిన కిట్టే కొనాలి, బిగించాక ఆర్‌సీలో రాయించాలి. కాలిఫోర్నియాలోనూ ఇలాంటి పద్ధతే, టెస్టులో నెగ్గిన విడిభాగానికి అక్కడి కాలుష్య బోర్డు ఒక నంబరు ఇస్తుంది, ఆ నంబరుంటేనే రోడ్డు మీద చెల్లుతుంది. బెంగళూరు ట్యూనర్‌ను అలాంటి కాగితం ఒక్కటి చూపించమనండి. చూపిస్తే నేనే దగ్గరుండి బిగిస్తాను.

ఇంకోటి. కొత్త బండ్లలో చాలావాటికి ట్యాంకుకు తిరిగొచ్చే పైపు ఉండదు. ఇంజిన్‌కు మూడు నాలుగు బార్ల ప్రెషర్‌తో పోయే పైపునే కోసి సెన్సర్ పెట్టాలి. జాయింట్ సరిగ్గా కూర్చోక చెమర్చిందంటే, ఎండాకాలం మన ఊళ్లలో బానెట్ కింద ఆ వేడికి ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఆ పైపు ఎవరు కోశారనే.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం):
రీమ్యాప్ వద్దులే అన్నా. సెన్సర్ ఒక్కటీ పెట్టి, డాష్‌బోర్డు మీద మీటర్‌లో శాతం చూసుకుంటే?

కడప_షెడ్డు (కడప):
ఈసీయూను కలపకుండా చూసుకునేదానికే అయితే పొగలో మార్పేమీ రాదు. నాకు పొల్యూషన్ పరంగా అభ్యంతరం లేదు. కానీ దానికోసం పైపు కోయడం దేనికి తమ్ముడూ? గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బిరడా పెట్టి బాగా ఊపు. ఆరుబయట, నిప్పుకు దూరంగా చెయ్యి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కాసేపాగితే కింది పొర 28 గీత దగ్గర తేలిందనుకో, పెరిగిన 18 ఇథనాల్, అంటే 20 శాతం.

తర్వాత ఓబీడీ స్కానర్ (ఈసీయూ రీడింగులు చూపించేది) పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ చూడు, అంటే ఈసీయూ తనంతట తాను పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె. ప్లస్ 4, 5 దగ్గరుంటే బండి తనే సర్దుకున్నట్టు. పది దాటుతుంటే తప్పు ఇథనాల్‌ది కాదు, ఇంజెక్టర్ మూసుకుపోయిందో, పంపు నీరసపడిందో, ఎక్కడైనా గాలి లాగుతోందో వెతకాలి. నీ డబ్బు రబ్బరు పైపులకు, ఓ-రింగులకు పెట్టు. ఈ10 కాలం బండికి ఈ20తో అసలు ముప్పు అక్కడుంది. పైపు వంపుల దగ్గర వేలితో నొక్కి చూడు, మెత్తబడి ఉబ్బినట్టున్నా, పగుళ్లు కనిపించినా మార్పించెయ్.

తుంగభద్ర_టర్బో (కర్నూలు):
పైపుల మాటకు ఒప్పుకుంటున్నా. కానీ సీఎన్‌జీకి ఉన్న దారి ఇథనాల్‌కు ఎందుకు లేదన్న ప్రశ్న వదలను. కిట్ టెస్టు చేయించి ఆర్‌సీలో రాయించుకుంటామంటే వద్దనే హక్కు ఎవరికీ ఉండకూడదు.

కడప_షెడ్డు (కడప):
ఆ అర్జీ రాస్తే నా సంతకం కూడా పెడతానన్నా. తమ్ముడూ, ట్రిమ్ రీడింగు ఐడిల్‌లో ఒకటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకటి తీసి ఇక్కడ పెట్టు. రెండూ చూస్తేనే గాలి లీకా, పంపా అన్నది తేలుతుంది.