ఐయూఐకి మెత్తని క్యాథెటర్ వాడితే నిజంగా తేడా ఉంటుందా?

గుంటూరమ్మాయి: మళ్లీ ఐయూఐ (క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) ఫెయిలైంది. ఇంకో క్లినిక్‌కి వెళ్తే, "అక్కడ గట్టి క్యాథెటర్ వాడి ఉంటారు, మా దగ్గర మెత్తనిది ఉంది, సక్సెస్ ఎక్కువ" అన్నారు. దానికి బిల్లు వేరే. గొట్టంలో అంత మహిమ ఉందా?

ల్యాబ్ మనిషి: వీర్యం వాష్ చేసే, అంటే చురుకైన కణాలను వేరుచేసే ల్యాబ్‌లో పనిచేస్తానండి. మహిమేం లేదు. రెండు రకాలనీ పోల్చిన ట్రయల్స్‌ను వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 2010లో కలిపి చూశారు. గర్భం నిలవడంలో తేడా ఉందనడానికి ఆధారం దొరకలేదు. మా చేతి నుంచి సిరంజిలోకి ఎక్కేది దాదాపు అర మిల్లీలీటరు. అందులో చురుగ్గా కదిలే కణాలు కోటి ఉంటే సంతోషం. పది లక్షల దగ్గర ఆగిపోతే బంగారు క్యాథెటర్ పెట్టినా పెద్దగా ఒరిగేదేం లేదు.

పద్మక్క: నేనొప్పుకోను. నాకు మొదట చేసినప్పుడు క్యాథెటర్ లోపలికి పోవట్లేదని గర్భసంచి ముఖద్వారాన్ని పట్టకారుతో పట్టి లాగారు. ప్రాణం పోయినంత పనైంది, రక్తం కూడా వచ్చింది. తర్వాత వేరే డాక్టరమ్మ మూత్రం ఆపుకుని రమ్మని, స్కాన్‌లో చూస్తూ పెట్టారు. పెట్టినట్టే తెలియలేదు. చేతి పనితనానికి విలువ లేదా?

ల్యాబ్ మనిషి: ఎందుకు లేదక్కా! బ్లాడర్ నిండితే ముందుకు వంగిన గర్భసంచి కాస్త సర్దుకుంటుంది, దారి తిన్నగా అవుతుంది. ముఖద్వారాన్ని లాగితే గర్భసంచి ముడుచుకుంటుంది కాబట్టి తప్పనిసరైతేనే లాగాలి. మెత్తనిది పోకపోతే గట్టిది తీయక తప్పదు. దానికి అదనపు బిల్లు మాత్రం నాకు మింగుడుపడదు.

సందేహరావు: తర్వాత పడుకోవడం సంగతేంటి? మా అత్తగారు మా ఆవిడని రోజంతా మంచం దిగనివ్వలేదు.

ల్యాబ్ మనిషి: నెదర్లాండ్స్‌లో 2009 నాటి ట్రయల్‌లో పావుగంట పడుకున్నవాళ్లలో 27 శాతం మందికి, వెంటనే లేచినవాళ్లలో 18 శాతం మందికి గర్భం నిలిచింది. అదే దేశంలో 2017లో ఇంకా పెద్ద ట్రయల్ ఫలితాలొస్తే ఆ లాభం కనబడలేదు. రోజంతా అక్కర్లేదని అత్తగారికి చెప్పండి.

గుంటూరమ్మాయి: మరి నేనేం అడగాలి?

ల్యాబ్ మనిషి: వాష్ తర్వాత కౌంట్ ఎంతో రాసివ్వమనండి. అండం విడుదల కోసం ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్‌కీ ఐయూఐకీ మధ్య ఎన్ని గంటలో చూడండి, మామూలుగా 36కి అటూఇటూ ఉంటుంది. అండం వచ్చే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే టెస్టు రిపోర్టు ఉందిగా?

గుంటూరమ్మాయి: ట్యూబుల టెస్టా? ఎవరూ రాయలేదే.

పద్మక్క: రెండూ మూసుకుపోయి ఉంటే ఎన్ని ఐయూఐలు చేసినా దండగే తల్లీ. ముందు అది చేయించుకో.