డల్లాస్ నుంచి అక్క తెస్తానంటున్న గంజాయి నూనె: హైదరాబాద్‌లో అమ్మకు చట్టబద్ధంగా అందే దారి ఉందా?

ప్రశ్న: మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మకు 66 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని నిరుడు తెలిసింది. అప్పటి నుంచి నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స జరుగుతోంది. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి రెండు గంటలయ్యేసరికి నడుము నొప్పితో మెలకువ వస్తుంది. మమ్మల్ని లేపడం ఇష్టంలేక, హాల్లో సోఫా దిండ్లను గోడకు ఆనించుకుని తెల్లవారేదాకా కూర్చుంటుంది. కీమో ఇచ్చిన తర్వాత మూడు రోజుల పాటు పోపు వాసన వచ్చినా వాంతే. నొప్పి గురించి అడిగినప్పుడల్లా అక్కడి డాక్టరుగారు పారాసిటమాల్, ట్రమడాల్ బిళ్లలే మళ్లీ రాసి పంపుతున్నారు.

మా అక్క డల్లాస్ దగ్గర ఉంటోంది. టెక్సస్‌లో ఇప్పుడు వైద్య గంజాయికి చట్టబద్ధత వచ్చిందనీ, క్యాన్సర్ రోగులకూ దీర్ఘకాలిక నొప్పులున్నవారికీ డాక్టర్లే రాసి ఇస్తున్నారనీ, తన స్నేహితురాలి అత్తగారు ఆ నూనె చుక్కలతో హాయిగా నిద్రపోతున్నారనీ చెబుతోంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక సీసా తెస్తానంటోంది. అది కుదరకపోతే అమ్మనే ఆరు నెలలు అక్కడికి తీసుకువెళ్లి ఇప్పిస్తానంటోంది. ఈలోగా మా పక్క ఫ్లాటు వారు, ఇక్కడే 'విజయ' (ఆయుర్వేదంలో గంజాయి మొక్కకు పేరు) పేరుతో ఆయుర్వేద నూనె ఆన్‌లైన్‌లో దొరుకుతుందనీ, అదీ ఇదీ ఒకటేననీ అంటున్నారు.

డాక్టరు చీటీ ఉంటే సీసా తెచ్చుకోవడం తప్పు కాదా? అమెరికాలో అమ్మకు నిజంగా ఇస్తారా? ఇక్కడ అమ్మేది చట్టబద్ధమైనదేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: నాంపల్లి వకీలు

ముందుగా సీసా సంగతి. దయచేసి మీ అక్కగారిని తేవద్దని ఈరోజే చెప్పండి. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 8వ సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇస్తుందన్న మాట నిజమే. అయితే ఆ మినహాయింపు లైసెన్సుతో, చట్టం చెప్పిన పద్ధతిలో జరిగే లావాదేవీలకే గానీ, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని వచ్చే ప్రయాణికులకు కాదు. టెక్సస్ డాక్టరు రాసిన చీటీకి శంషాబాద్ విమానాశ్రయంలో ఎలాంటి విలువా ఉండదు. విదేశం నుంచి తెచ్చినందుకు 23వ సెక్షన్ కింద విడిగా కేసు పెడతారు. చిన్న మోతాదు అయినా ఏడాది దాకా కఠిన కారాగార శిక్ష, పది వేల రూపాయల దాకా జరిమానా ఉంటాయి.

నా దగ్గరకు వచ్చేవారు తరచుగా పొరబడే విషయం మరొకటి ఉంది. 'సీసాలో అసలు మందు ఉండేది చిటికెడే కదా, మిగతాదంతా కొబ్బరినూనే కదా' అంటారు. మోతాదు లెక్కించేటప్పుడు అసలు మందును మాత్రమే కాకుండా, అది కలిసిన నూనె, చక్కెర వంటివాటితో సహా మొత్తం బరువును తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో స్పష్టం చేసింది. గమ్మీలనే చాక్లెట్ల వంటి ముక్కలైతే బరువు ఇంకా పెరుగుతుంది. నగరంలో గంజాయి మీద నిఘా ఎంత గట్టిగా ఉందో పేపరు చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. మీ అమ్మగారి పరిస్థితి చూసి జడ్జిగారు జాలిపడవచ్చు గానీ, ఆ జాలి దాకా చేరేలోపు మీ అక్కగారి పాస్‌పోర్టు కోర్టులోనే ఉండిపోతుంది.

పక్క ఫ్లాటు వారి మాట సగం నిజం. చట్టం గంజాయి అని పిలిచేది మొక్క పూత, కాయ కొసలనే. కొసలతో కలవని ఆకును, గింజను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. భంగు (గంజాయి ఆకు), విజయ మందులు నిలబడింది ఆ సందులోనే. వాటి వైద్యపరమైన సంగతి తెలిసినవారు చెబితే మంచిది.

సమాధానం 2: ఇర్వింగ్ ఫార్మసిస్టు

నేను హైదరాబాద్‌లో చదువుకుని, టెక్సస్‌లో స్థిరపడినవాడిని. మీ అక్కగారు విన్నది తప్పు కాదు, పూర్తిగా వినలేదంతే. ఇక్కడి వైద్య గంజాయి కార్యక్రమం 2015లో మందులకు లొంగని మూర్ఛ రోగుల కోసం మొదలైంది. 2019లో చివరి దశ క్యాన్సర్‌ను, 2021లో అన్ని రకాల క్యాన్సర్లనూ చేర్చారు. కొత్తగా వచ్చిందల్లా 2025 సెప్టెంబరు 1 నుంచి దీర్ఘకాలిక నొప్పిని కూడా జాబితాలో పెట్టడం. రాష్ట్రంలో నమోదైన డాక్టరు పరీక్షించి, రాష్ట్రం నడిపే కంప్యూటరు రిజిస్ట్రీలో రోగి పేరు ఎక్కిస్తారు. చేతికి కార్డూ చీటీ ఏమీ ఇవ్వరు. దుకాణానికి వెళ్లినప్పుడు గుర్తింపు కార్డుతో పాటు రోగి ఇంటిపేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి ఐదు అంకెలు చెప్పాలి.

అమ్మగారి విషయం ఇక్కడే ఆగిపోతుంది. రోగి టెక్సస్‌లో శాశ్వతంగా నివసించేవారై ఉండాలన్నది నియమం. విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చే తల్లిదండ్రులకు ఆ నివాసమూ ఉండదు, ఆ నంబరూ ఉండదు. పైగా క్యాన్సర్ చికిత్స మధ్యలో ఆపుకుని, బీమా లేకుండా ఇక్కడికి రావడం గురించి నేను విడిగా చెప్పనవసరం లేదు.

మీ అక్కగారి గురించి కూడా ఒక మాట. రాష్ట్రం అనుమతించినా, ఫెడరల్ (కేంద్ర) చట్టం దీన్ని నియంత్రిత మాదకద్రవ్యంగానే చూస్తుంది. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం అన్నీ ఫెడరల్ వ్యవహారాలే. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాకపోయినా, గంజాయితో సంబంధం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కాగలదని వలస విభాగం 2019లోనే చెప్పింది. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది తెలియదు. పొట్లక్ భోజనాల దగ్గర గమ్మీల గురించి చట్నీ పొడి గురించి మాట్లాడుకున్నంత తేలికగా మాట్లాడుకుంటున్నారు.

మందుగా దాని బలమెంత అన్నది వేరే ప్రశ్న. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, క్యాన్సర్‌ను తగ్గించేందుకు గంజాయిని వాడకూడదు. మామూలు వాంతి మందులు సరిగ్గా ఇచ్చినా లొంగని కీమో వాంతులకు మాత్రం అదనంగా వాడి చూడవచ్చు. కాబట్టి మీ డాక్టరుగారిని అడగవలసిన మొదటి ప్రశ్న గంజాయి గురించి కాదు. మామూలుగా ఇచ్చే వాంతి మందు ఆన్‌డాన్‌సెట్రాన్‌తో పాటు రాత్రి పూట తక్కువ మోతాదులో ఒలాంజపిన్ ఇచ్చి చూశారా అని అడగండి. అది ఇక్కడా అక్కడా చవకగా దొరికే బిళ్ల. కీమో వాంతులకు బాగా పనిచేస్తుంది.

సమాధానం 3: ఆయుర్వేద వైద్యురాలు

విజయ మన గ్రంథాల్లో ఉన్న మందే. జాతీఫలాది చూర్ణంలో అది ఒక భాగం. ఔషధ నియమావళిలోని ఇ-1 షెడ్యూలు భంగును విషద్రవ్యాల జాబితాలో ఉంచింది. దాని అర్థం నిషేధం కాదు. సీసా మీద 'వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి' అన్న హెచ్చరిక ఉండి తీరాలి. ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎంత శాతం ఏముందో తెలిపే పరీక్ష నివేదిక లేని సీసాను నేను ముట్టుకోను. మొన్న ఒకరు తెచ్చి చూపించిన సీసా మీద ఆకు బొమ్మ పెద్దగా ఉంది, లైసెన్సు నంబరు ఉండవలసిన చోట వాట్సాప్ నంబరు ఉంది.

అయితే అదీ ఇదీ ఒకటే అనడం తప్పు. ఆకు నుంచి తీసిన మందులో ఏది ఎంత ఉంటుందో తయారీని బట్టి మారుతుంది. టెక్సస్‌లో కొలిచి ఇచ్చే నూనె అనుభవాన్ని దీనికి అన్వయించలేము. సీబీడీ (గంజాయి మొక్కలోని మత్తు కలిగించని పదార్థం) ఎక్కువగా ఉండే మందులు కాలేయం మీద భారం వేయగలవు, వార్ఫరిన్ వంటి రక్తం పలచబడే మందుల ప్రభావాన్ని పెంచగలవు. కీమో నడుస్తున్న మనిషికి, క్యాన్సర్ డాక్టరుకు తెలియకుండా వీడియో కాల్‌లో చీటీ తీసుకుని ఇది మొదలుపెట్టవద్దు. మా వైద్యం మీద నాకు నమ్మకం లేక కాదు, మీ అమ్మగారికి ఈ రాత్రి కావలసింది వేరే మందు అని నాకు అనిపిస్తోంది కనుక చెబుతున్నాను.

సమాధానం 4: రెడ్‌హిల్స్ ఓపీ

ఆ వేరే మందు పేరు మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు. మా నాన్నగారికి నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు నేనూ మీలాగే నూనెల వెంట తిరిగాను. మా కాలనీలోని ఐదు మందుల దుకాణాల్లో మార్ఫిన్ అడిగితే, ఐదుగురూ నన్ను ఎగాదిగా చూశారు. చివరకు లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోని నొప్పి, ఉపశమన చికిత్స విభాగానికి వెళ్లమని ఒక నర్సమ్మ చెప్పింది.

అంతకు ముందు మార్ఫిన్ నిల్వ ఉంచుకోవాలంటే ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చేది. ఆ బెడదకు జడిసి చాలా చోట్ల అసలు తెప్పించడమే మానుకున్నారు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి, మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, ఒకే అధికారి ఇచ్చే గుర్తింపుతో ఆసుపత్రులు వాటిని ఇచ్చేలా చేశారు. వకీలుగారు చెప్పిన చట్టమే ఇది. ఒక చేత్తో మీ అక్క సీసాను ఆపే చట్టం రెండో చేత్తో ఈ మందును ఇస్తోంది. ప్రైవేటు డాక్టర్లలో కొందరికి ఇప్పటికీ దీని మీద అలవాటు లేదు, భయమూ పోలేదు.

మా నాన్నగారికి 10 మిల్లీగ్రాముల బిళ్లను సగం చేసి, నాలుగు గంటలకు ఒకసారి వేయమన్నారు. రాత్రి పడుకునే ముందు మోతాదు రెట్టింపు చేస్తే రెండు గంటలకు లేపనవసరం లేదన్నారు. మీరు రాసిన రెండు గంటల మెలకువ చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. బిళ్ల చేదు, బెల్లం ముక్కతో ఇచ్చేవాళ్లం. మొదటి నాలుగు రోజులు మగతగా ఉంది, తర్వాత తగ్గింది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనకారి మందు మొదటి రోజు నుంచే రాస్తారు. మోతాదును మీ అంతట మీరు పెంచకండి. అలవాటవుతుందేమోనని బంధువులు ఫోన్లు చేస్తారు, వారికి ఆసుపత్రి నంబరు ఇవ్వండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి అవి గుర్తులు. ఒక చోట ఎముక నొప్పికి చాలామందికి ఒకే ఒక్క సిట్టింగ్ రేడియేషన్‌తోనే ఉపశమనం దొరుకుతుంది, అడగండి. ఎం.ఎన్.జె.కి వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, బయాప్సీ నివేదిక, ఆధార్ పట్టుకెళ్లండి. తొందరగా వెళ్లండి, లైను పెద్దది.

మియాపూర్ వాసి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మంగళవారం వెళ్లాము. అమ్మను మంచం మీద పడుకోబెట్టి, వెన్నెముక మీద ఒక్కొక్క పూస దగ్గర వేలితో తట్టి చూశారు. ఒక చోట తట్టగానే అమ్మ ఉలిక్కిపడింది. అక్కడికే ఎంఆర్‌ఐ రాసి, రేడియేషన్ విభాగానికి పంపారు. మార్ఫిన్ సగం బిళ్లతో మొదలుపెట్టారు. నిన్న రాత్రి నేను రెండు గంటలకు అలవాటుకొద్దీ లేచి హాల్లోకి వెళ్లాను, సోఫా ఖాళీగా ఉంది. అమ్మ ఐదింటికి లేచి, ఇంకా పాలు కాయలేదేమని మా ఆవిడను అడిగిందట.

అక్కకు రెండో సమాధానం యథాతథంగా పంపాను. చాలాసేపు ఫోను ఎత్తలేదు. తర్వాత, తన పౌరసత్వ ఇంటర్వ్యూ మార్చిలో ఉందని మాత్రం చెప్పింది.

ఇంకొక సందేహం. వచ్చే వారం కరీంనగర్‌లో పెళ్లి ఉంది, అమ్మ వస్తానంటోంది. మార్ఫిన్ బిళ్లలతో బస్సులో వెళ్లవచ్చా?

నాంపల్లి వకీలు

వెళ్లవచ్చు. ప్రయాణానికి సరిపడా బిళ్లలను స్ట్రిప్పుతోనే ఉంచి, ఓపీ కార్డును, డాక్టరు చీటీ అసలు ప్రతిని మీ జేబులో కాకుండా అమ్మగారి చేతిసంచిలోనే పెట్టండి. వాటి మీద ఉన్నది ఆవిడ పేరు.

రెడ్‌హిల్స్ ఓపీ

విరేచనాల మందు కూడా మర్చిపోకండి. పెళ్లి భోజనం కదా.