రెండడుగుల ట్యాంకులో వేటాడే చేప ఏది పెట్టొచ్చు?

అలిపిరి77:
అందరికీ నమస్తే. ఉండేది తిరుపతిలో. 24×12×15 అంగుళాల ట్యాంకు, స్పాంజి ఫిల్టరు ఉన్నాయి. ఫిల్టరు నెల నుంచి తిరుగుతోంది, చేపలు ఇంకా వెయ్యలేదు. గప్పీలు, మోలీలు కాకుండా వేటాడి తినే చేప కావాలి. షాపులో రెండంగుళాల ఆస్కార్ పిల్లలు చూపించి "ట్యాంకును బట్టే పెరుగుతాయి" అంటున్నారు. నిజమేనా? నీళ్ళు బోరువి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 600.

నీటిజీవి:
ఆ మాట నమ్మొద్దు తమ్ముడూ. ఆస్కార్ ఏడాది తిరిగేసరికి పది అంగుళాల దాకా వస్తుంది, పూర్తిగా పెరిగితే పన్నెండు. మీ ట్యాంకు వెడల్పే పన్నెండు, వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. ఇరుకులో పెరగకపోతే అది గిడసబారడం, ఆరోగ్యం కాదు. అరోవానా, అలిగేటర్ గార్ లాంటి పెద్ద విదేశీ చేపలు అసలు లెక్కలోకే రావు. పెరిగిపోయిందని చెరువులో వదిలేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది.

మీ ట్యాంకు నిండా పోస్తే 70 లీటర్లు. ఇసుక, పైన వదిలే ఖాళీ పోను 55 అనుకోండి. దీనికి నా ఓటు పీ పఫర్‌కే. కేరళ నదుల చేప, పెద్దదైనా అంగుళం చిల్లరే. కానీ వేట చూడాలి: నత్త కనబడితే ఎదురుగా ఆగిపోయి, రెండు కళ్ళూ విడివిడిగా తిప్పుతూ, మెత్తటి భాగం బయటికొచ్చేదాకా కాచుకుని కొరికేస్తుంది.

ఐదు చాలు. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంటే కొట్లాట తగ్గుతుంది. మగదానికి పొట్ట కింద నల్ల గీత, కంటి వెనక ముడతలు ఉంటాయి, కానీ పిల్లల్లో తేడా తెలీదు. పెరిగాక ఒకటి మిగతావాటిని తరుముతుంటే దాన్ని వేరు చెయ్యండి. వాలిస్నేరియా, జావా మాస్ లాంటి నీటి మొక్కలు దట్టంగా పెట్టండి, ఒకదానికొకటి కనబడకూడదు. వేరే జాతి చేపలు వద్దు, పఫర్లు వాటి రెక్కలు కొరికేస్తాయి.

గుళికల మేత సాధారణంగా ముట్టవు. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (ఎర్ర పురుగులు), ఆర్టీమియా (సన్న ఉప్పునీటి రొయ్యలు), నత్తలు పెట్టాలి. నత్తల్ని వేరే టబ్బులో పెంచుకోండి. కాలవలోంచి పట్టిన దోమ పిల్లలు వెయ్యొద్దు, వాటితోపాటు మందులు, మురికి వస్తాయి.

పలమనేరు_మీను:
పఫర్లు నచ్చకపోతే చన్నా గచువా (కొర్రమీను జాతిలో చిన్న రకం) ఒక్కటంటే ఒక్కటి పెట్టొచ్చు. ఆరంగుళాలు దాటి కూడా పెరుగుతుంది కాబట్టి మీ ట్యాంకులో ఇరుకే, మూడడుగులది అయితే మేలు. ఇది పైకొచ్చి గాలి పీల్చే చేప, నీళ్ళకూ మూతకూ మధ్య రెండంగుళాలు వదలాలి. ఎయిర్ పైపు దూర్చే కన్నం కూడా స్పాంజితో మూసెయ్యండి, అందులోంచే దూకుతుంది. చన్నా ఆండ్రావో లాంటి ఉత్తరాది రకాలకు చలికాలంలో చల్లని నీళ్ళు కావాలి. తిరుపతి ఎండలకు తీసుకోవద్దు. తలకోన వాగుల్లో పట్టుకొద్దామని మాత్రం అనుకోకండి, అది నేషనల్ పార్కు.

ట్యాంకుబాబాయ్:
అసలు సంగతి ఎవరూ అడగలేదు. నెల నుంచి ఫిల్టరు తిరుగుతోంది సరే, అందులో మేత గానీ అమ్మోనియా గానీ వేశారా? ఉత్త నీళ్ళలో ఎన్నాళ్ళు తిప్పినా, అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగదు. రోజూ చిటికెడు మేత వేస్తూ టెస్ట్ కిట్‌తో చూస్తుండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ ముందు పైకి లేచి తర్వాత సున్నాకొచ్చి, మేత వేస్తున్నా అక్కడే నిలవాలి. అప్పటికి నైట్రేట్ కనబడుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. పఫర్లు అమ్మోనియాకు అస్సలు ఆగవు.

బోరు నీళ్ళలో సగం ఆర్వో నీళ్ళు కలపండి, టీడీఎస్ 300 దగ్గరికొస్తుంది. ఎండాకాలం ఆవిరైనదానికి బదులు ఆర్వో నీళ్ళే పొయ్యాలి. బోరువి పోస్తే లవణాలు పోగవుతాయి. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు సీసా వద్దు, వేడి ఒక్కసారి పడిపోయి మళ్ళీ లేస్తుంది. కార్పొరేషన్ నీళ్ళు వాడితే క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వెయ్యండి. స్పాంజిని కూడా కుళాయి కింద కడక్కుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో పిండండి.

అలిపిరి77:
మేత వెయ్యలేదన్నా, ఈ రోజు నుంచే మొదలుపెడతా. పఫర్లే తీసుకుంటా. కొనేటప్పుడు ఏం చూడాలి?

నీటిజీవి:
పొట్ట లోపలికి పీక్కుపోయినవి, తెల్లటి దారంలా విసర్జించేవి వదిలెయ్యండి. ఇవి ఎక్కువగా నదుల్లో పట్టినవే, కడుపులో పురుగులు ఉండొచ్చు. షాపులోనే బ్లడ్‌వార్మ్ వేయించి, తినేవాటినే తీసుకోండి. రాగి కలిసిన మందులు ఏవీ వాడొద్దు.