అడ్డం 14 దగ్గర ఆగిపోయా, హింట్ ఇవ్వండి (జవాబు డైరెక్ట్‌గా చెప్పొద్దు ప్లీజ్)

గళ్ళపిచ్చి:
గళ్ళనుడికట్టులో రెండ్రోజుల నుంచి ఒక్క పదంతో కొట్టుకుంటున్నా, మిగతా గ్రిడ్ అంతా అయిపోయింది. అడ్డం 14: "ప్రజల పక్కన పంట వేస్తే ఏడాది మొదలు (4)". ముందు సంక్రాంతి అనుకున్నా, సం-క్రాం-తి మూడు గళ్ళే. ఉగాదీ మూడే, సంవత్సరాది అంటే అయిదైపోతోంది. నిన్న రాత్రి తొలకరి తట్టింది, నాలుక్కి నాలుగు సరిపోయేసరికి ఎగిరి గంతేశా, తీరా చూస్తే మూడో గడిలో ల ఉంది, క పట్టదు. ఆ ల నిలువు 15 ది, అది మాత్రం పక్కా. మిగతా మూడు గళ్ళకీ నిలువు పదాలు తగలట్లేదు.

నిలువూ_అడ్డం:
ముందు పండగలు వదిలేయండి. ఇలాంటి ఆధారాల్లో పైకి కనబడే బొమ్మ పట్టుకుని వెళ్తే అక్కడక్కడే తిరుగుతారు. "పక్కన" అంటే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టమని. ప్రజలకో రెండక్షరాలు, పంటకో రెండక్షరాలు. తొలకరిలో చివరక్షరం మీకు పనికొస్తుంది, ఇంతకంటే చెప్పను.

గళ్ళపిచ్చి:
ప్రజలు అంటే జన? అప్పుడు జనల... ఏంటండీ, ఏ పంటా రావట్లేదు

పాతపెన్సిల్:
ఆ ల మీదే నాకు డౌట్. నిలువు 15 ఏంటో చెప్పండి ఓసారి

గళ్ళపిచ్చి:
"కుశుడి జోడీ తిరగబడితే చేపలకి తిప్పలు (2)". చేపలకి తిప్పలంటే వల కదా, తిరగబడితే అన్నారని కింద నుంచి పైకి రాశా. పైన ల, కింద వ.

పాతపెన్సిల్:
అదీ సంగతి 😀 మీరు రెండోసారి తిప్పేశారు. మామూలు పజిల్స్‌లో "తిరగబడ్డ రాముడు" అంటే డుమురా అని రాస్తాం, ఆ అలవాటే ఇక్కడ దెబ్బ కొట్టింది. ఇందులో కుశుడి జోడీ లవ, వాణ్ణి తిప్పితేనే వల వచ్చింది, అంటే తిప్పే పని ఆధారంలోనే అయిపోయింది. తిప్పక ముందుదీ తర్వాతదీ రెండూ ఆధారంలో కనబడుతుంటే గళ్ళలో అర్థమున్న మాటే నేరుగా రాయాలి, నేను చూసినంతలో ఎప్పుడూ ఇంతే. పైన వ పెట్టి చూడండి.

గళ్ళపిచ్చి:
జనవరి!!!! జన పక్కన వరి. క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని పండగలన్నీ వెతికా, నెల పేరు చూడలేదు. కానీ ఒక డౌట్, అది జనం కదా, సున్నా ఏమైపోయినట్టు?

నిలువూ_అడ్డం:
సమాసంలో ఉండదుగా, జనగణన అంటాం, జనంగణన అనం. సున్నా విషయంలో తప్పు పట్టలేం. నా గొడవల్లా "మొదలు" దగ్గర, నెల అని ఎక్కడో ఒకచోట చెప్పుంటే న్యాయంగా ఉండేది, మరీ లాగారు.

ఖాళీగడి:
ఇప్పటిదాకా చప్పుడు చేయకుండా చదువుతున్నా, ఎందుకంటే నేనూ 15 లో లవ అనే రాశా. అదీ పెన్నుతో 😭